ఫలితం రాకముందే రాసిపెట్టుకోండి: మన ఆలోచనలోని తప్పులు పట్టుకుని సరిదిద్దుకోవడం ఎలా

పని చెడిపోతే "నాకు అప్పుడే అనుమానం వచ్చింది" అంటాం. బాగా జరిగితే "నేను ముందే చెప్పానుగా" అంటాం. రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అంటాం. చిక్కల్లా ఇక్కడే ఉంది. ఫలితం తెలిశాక, అంతకుముందు మనం నిజంగా ఏమనుకున్నామో మనకే గుర్తుండదు. గుర్తుందనుకునేది చాలావరకు తర్వాత అల్లుకున్నదే.

బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ అనే పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకూ సోవియట్ యూనియన్‌కూ వెళ్ళబోయే ముందు, ఇజ్రాయెల్‌లో కొందరు విద్యార్థులను అంచనాలు అడిగారు. నిక్సన్ మావోను కలుస్తాడా, ఫలానాది జరగడానికి ఎంత అవకాశం ఉంది, ఇలాంటి ప్రశ్నలు. పర్యటనలు ముగిశాక, అప్పుడు మీరు ఎంత శాతం వేశారో గుర్తు తెచ్చుకుని చెప్పమన్నారు. జరిగినవాటికి తాము ముందు వేసినదానికంటే ఎక్కువే వేశామని చాలామంది చెప్పారు. 1975లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

తప్పు నుంచి నేర్చుకోవాలంటే ముందు ఆ తప్పు కనపడాలి. జ్ఞాపకం దాన్ని ఎప్పటికప్పుడు దిద్దేస్తుంటే ఇంకేం కనపడుతుంది? అందుకే ఈ పద్ధతి మొత్తానికీ ఆధారం ఒక్కటే: ఫలితం తెలియక ముందు, మీ చేత్తో మీరు రాసుకున్న కాగితం. అది లేకుండా చేసే ఆత్మపరిశీలన ఎంత నిజాయితీగా చేసినా పెద్దగా పనికిరాదని నా గట్టి నమ్మకం.

ముందుగా ఒక నోట్‌బుక్

పిల్లల పాత లాంగ్ నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలు చాలు. ఫోన్లో రాసుకునే అలవాటుంటే ఫోనైనా సరే. కాకపోతే ఫోన్లో రాసింది తర్వాత దిద్దాలనిపిస్తుంది. పెన్నుతో రాసింది దిద్దితే కొట్టివేత కనిపిస్తుంది కాబట్టి నేను కాగితానికే ఓటు వేస్తాను.

ప్రతి నిర్ణయమూ రాయక్కర్లేదు. అలా మొదలుపెట్టినవాళ్ళు వారం తిరక్కుండానే మానేస్తారు. మూడు రకాలు రాయండి. పెద్ద డబ్బుతో ముడిపడినవి. ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేనివి. మళ్ళీ మళ్ళీ వచ్చేవి, అంటే పనికి మనిషిని పెట్టుకోవడం, చేబదులు ఇవ్వడం, ఏ పంట వేయాలి, ఈ పని ఎన్నాళ్ళు పడుతుంది లాంటివి. నేర్చుకోవడానికి ఈ మూడో రకమే ఎక్కువ పనికొస్తుంది. ప్లాటు జీవితంలో ఒకటో రెండో కొంటాం. "ఈ పని ఎన్ని రోజుల్లో అవుతుంది" అని మాత్రం నెలకు నాలుగుసార్లు అంచనా వేస్తాం.

ఒక పేజీ ఎలా ఉండాలో కల్పించిన ఉదాహరణతో చూద్దాం.

"మార్చి 8. ఊరి బయట వెంచర్‌లో 200 గజాల ప్లాటు. గజం 14 వేలు. బయానా 2 లక్షలు ఇవ్వబోతున్నాం. కారణాలు: ఒకటి, పక్కనుంచి కొత్త రోడ్డు వస్తుందన్నారు. రెండు, మా తోడల్లుడు కిందటేడు అక్కడే కొన్నాడు, గజానికి 3 వేలు పెరిగిందంటున్నాడు. మూడు, చిట్టీ పాడిన డబ్బు చేతిలో ఉంది. అంచనా: రెండేళ్ళలో రోడ్డు పని మొదలవుతుంది, 70 శాతం. మూడేళ్ళ తర్వాత గజం 20 వేలకు అమ్మగలం, 60 శాతం. నేను తప్పని ఎప్పుడు ఒప్పుకోవాలి: వచ్చే ఉగాదికి కూడా రోడ్డుకు భూసేకరణ నోటిఫికేషన్ రాకపోతే. ఈ పూట పరిస్థితి: ఆదివారం లోపు బయానా ఇవ్వకపోతే ప్లాటు పోతుందని ఏజెంటు తొందరపెడుతున్నాడు."

ఇంతే. పది నిమిషాల పని. ఫలితం దాకా ఆగకుండా ఇప్పుడే ఈ పేజీని మళ్ళీ చదవండి. రెండో కారణంలో "పెరిగిందంటున్నాడు" అని ఉంది. తోడల్లుడు అమ్మాడా? అమ్మలేదు. అడిగిన రేటు వేరు, చేతికొచ్చిన రేటు వేరు. మూడోది ప్లాటు కొనడానికి కారణమే కాదు. డబ్బు ఉండటం వల్ల కొనగలుగుతున్నాం, అంతేగానీ ఈ ప్లాటే ఎందుకు కొనాలో అది చెప్పదు. ఇక ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే సర్టిఫికెట్) తీయించారా, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల కాగితాలు) చూశారా, లేఅవుట్‌కు అనుమతి ఉందా అన్న మాటే పేజీలో లేదు. మనసులో ఉన్నంతసేపు ఈ మూడు కారణాలూ కలిసి బలంగా అనిపించాయి. కాగితం మీదికి వచ్చేసరికి నిలబడింది ఒక్కటి, అదీ ఎవరో "అన్నారు" అన్న మాట. ఎన్నో తప్పులు రాసే దగ్గరే దొరికిపోతాయి.

చివర్లో రాసిన "ఈ పూట పరిస్థితి"ని చిన్నదని వదిలేయకండి. నిద్రలేదా, ఎవరిమీదైనా కోపంగా ఉన్నారా, ఎవరైనా తొందరపెడుతున్నారా, పెళ్ళిలో నలుగురి ముందు మాట ఇచ్చారా అన్నది రాయండి. తర్వాత పేజీలన్నీ వరసగా తిరగేసినప్పుడు చెడ్డ నిర్ణయాలన్నిటి కిందా ఒకే రకం పరిస్థితి కనిపించవచ్చు. అది ముందుగా తెలిసే విషయం కాదు.

మాటలు కాదు, అంకెలు

"ఖాయం", "దాదాపు అయిపోయినట్టే", "కష్టమే గానీ చూద్దాం" లాంటి మాటలు తర్వాత ఎటైనా వంగుతాయి. అవుతుందన్నానంటే అన్నాను, కాదన్నానంటే కాదన్నాను. 70 శాతం అని రాస్తే వంగదు. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలం అని మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. కచ్చితంగా చెప్పక్కర్లేదు. 60, 75, 90, ఈ మూడు మెట్లతో మొదలుపెట్టండి. ప్రతి అంచనాకూ ఒక తేదీ ఉండాలి. ఆ తేదీన అయిందా కాలేదా అని మూడో మనిషి కూడా చెప్పగలిగేలా రాయాలి. "ప్లాటు బాగా పెరుగుతుంది" అన్నదానికి ఏ తేదీనా తీర్పు చెప్పలేం.

పెద్ద నిర్ణయాల ఫలితం రావడానికి ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళు ఆగి నేర్చుకుంటే ఆ పాఠం వాడుకోవడానికి వయసు మిగలదు. అందుకని దాన్ని చిన్న చిన్న అంచనాలుగా విడగొట్టండి. "ఈ ఉద్యోగం మారితే బాగుంటుంది" అనే బదులు: మొదటి మూడు నెలల్లో రాత్రి 8 తర్వాత పని చేయాల్సిన రోజులు నెలకు అయిదు దాటవు, 75 శాతం. చెప్పిన బోనస్ చెప్పిన నెలలోనే వస్తుంది, 60 శాతం. ఇప్పుడిక మూడు నెలలకే ఏదో ఒకటి తెలుస్తుంది.

తేదీలను ఫోను క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఇది చేయనివాళ్ళ నోట్‌బుక్ అటక మీదికి వెళ్తుంది.

మధ్యలో ఒక పని ఉంది

నిర్ణయానికీ ఫలితానికీ మధ్య చాలా సమాచారం చెవిన పడుతుంది. అందులో మనకు అనుకూలమైనది నిలుస్తుంది, వ్యతిరేకమైనది జారిపోతుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మొండితనం బయటివాళ్ళతో వాదించేటప్పుడే కాదు, ఒంటరిగా ఆలోచించుకునేటప్పుడూ పనిచేస్తుంది. చార్లెస్ డార్విన్ దీనికి ఒక నియమం పెట్టుకున్నాడు. తన సిద్ధాంతానికి అడ్డొచ్చే విషయం ఏది కనబడినా, ఏ ఆలోచన తట్టినా, వెంటనే తప్పకుండా రాసిపెట్టేవాడు. అనుకూలమైన వాటికంటే ఇలాంటివే త్వరగా మరుపుకొస్తాయని అనుభవంతో గమనించానని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

మీరూ అదే చేయండి. ప్లాటు పేజీ కింద సగం ఖాళీ వదిలి, "ఎదురు సాక్ష్యం" అని శీర్షిక పెట్టండి. రోడ్డు అలైన్‌మెంట్ మారుతోందని బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నారా? నమ్మకపోయినా సరే, ఆ రాత్రికి రాయండి.

ఫలితం వచ్చాక

ముందు పాత పేజీ చదవండి. ఆ తర్వాతే అభిప్రాయం. ఈ వరస తప్పితే ఇంతవరకూ పడిన శ్రమ వృథా, ఎందుకంటే ఫలితాన్ని తలుచుకుంటూ పేజీ చదివితే రాసిన మాటలకు కొత్త అర్థాలు పుట్టుకొస్తాయి.

చదివాక రెండు ప్రశ్నలను వేర్వేరుగా అడగండి. ఫలితం బాగుందా? అప్పుడు తెలిసినదాన్నిబట్టి, అప్పుడు తెలుసుకోగలిగినదాన్నిబట్టి నిర్ణయం బాగుందా? ఈ రెండిటినీ ఒక్కటిగా చూడటమే, నా లెక్కలో, అనుభవం మనకు చేసే అన్నిటికంటే పెద్ద మోసం. హెల్మెట్ లేకుండా హైవే మీద వెళ్ళి క్షేమంగా ఇంటికి వచ్చిన మనిషికి ఫలితం బాగుంది, నిర్ణయం చెడ్డది. అతను ఆ రోజు నుంచి "ఏం కాదులే" అనే పాఠం నేర్చుకుంటాడు. కాబట్టి చెడిపోయిన పనులనే కాదు, కలిసొచ్చిన పనులనూ అంతే శ్రద్ధగా విప్పిచూడాలి. ఎవరూ చేయని పని ఇది. లాభం వచ్చిన షేరు ఎందుకు కొన్నామో వెనక్కి తిరిగి చూసేవాళ్ళు అరుదు. పాత పేజీలో "ఫ్రెండ్ చెప్పాడు" అని ఒక్క ముక్కే ఉంటే, ఆ లాభం కాకతాళీయమని రాసుకోండి. వాపును బలుపనుకుని వచ్చేసారి పదింతలు పెట్టకుండా అది ఆపుతుంది.

దీనికి అటువైపు కూడా చూడాలి. 2023లో ఎండుమిర్చి క్వింటా 20 వేలు దాటి పలికింది. 2025 ఫిబ్రవరికి ధర ఎంతగా పడిపోయిందంటే, ఆంధ్రప్రదేశ్ మిర్చికి మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధరను కేంద్రం ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఏడు మిర్చి వేసిన రైతు తన పేజీలో ఏం రాసుకోవాలి? "ఇక జన్మలో మిర్చి వేయను" అనేది పాఠం కాదు, బాధ. "మన టైం బాగాలేదు" అనేది ఓదార్పు, అదీ పాఠం కాదు. పాత పేజీ తీస్తే కారణం దగ్గర "కిందటిసారి మంచి ధర పలికింది" అని ఉంటుంది. ఆ ధర తనకొక్కడికే కనబడలేదు, చుట్టుపక్కల అందరికీ కనబడింది. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు ఎంత నిల్వ ఉంది, చైనా లాంటి దేశాలకు ఎగుమతి ఎలా సాగుతోంది, ఈసారి మండలంలో ఎన్ని ఎకరాలకు విత్తనాలు అమ్ముడుపోయాయి అన్నవి విత్తే ముందు కొంతైనా వాకబు చేయగలిగినవి. వానలు, తెగుళ్ళు, అంతర్జాతీయ ధర తన చేతిలో లేనివి. పేజీ మధ్యలో గీత గీసి, తెలుసుకోగలిగినవి ఒక పక్క, చేతిలో లేనివి ఇంకో పక్క రాయండి. రెండో పక్క రాసినదానికి మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. మొదటి పక్క ఖాళీగా ఉంటే మాత్రం నమ్మొద్దు, మరోసారి చూడండి.

తప్పు ఎక్కడ పడింది?

తప్పు జరిగిందని తేలాక దాని రకం కనిపెట్టాలి. మనస్తత్వ శాస్త్రంలో వీటికి వందకు పైగా పేర్లున్నాయి. వాటిని బట్టీపట్టినా పెద్ద లాభం లేదు, ఆ పేర్లు ఎదుటివాళ్ళకు అంటించడానికే ఎక్కువ వాడతాం. నాలుగు ప్రశ్నలు చాలు.

అడిగితే తెలిసే విషయాన్ని అడగకుండా వదిలేశానా? తెలిసీ పక్కన పెట్టానా? ఆ పూట తొందరో కోపమో మొహమాటమో నా చేత చేయించిందా? నా విషయాన్నే చూసి, నాలాంటి వాళ్ళందరికీ ఏం జరిగిందో చూడటం మరిచానా?

నాలుగోది చదువుకున్నవాళ్ళను కూడా ఎక్కువగా పడగొడుతుంది. డేనియల్ కానెమాన్ జీవితంలోనిదే ఒక సంగతి ఉంది. మన ఆలోచనల్లో తప్పులు ఎలా దొర్లుతాయో పరిశోధించి 2002లో నోబెల్ అందుకున్న మనిషి ఆయన. అంతకు చాలా ఏళ్ళ ముందు ఇజ్రాయెల్‌లో, నిర్ణయాలు తీసుకోవడం గురించే ఒక పాఠ్యపుస్తకం తయారుచేసే బృందంలో పనిచేశాడు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే అందరూ రెండేళ్ళకు అటూ ఇటూగా చెప్పారు. ఆ బృందంలోనే ఉన్న పాఠ్యప్రణాళికల నిపుణుడిని, మీకు తెలిసిన ఇలాంటి బృందాలకు ఎన్నాళ్ళు పట్టిందని అడిగారు. దాదాపు 40 శాతం బృందాలు అసలు పూర్తిచేయలేదనీ, చేసినవాటికి ఏడు నుంచి పదేళ్ళు పట్టిందనీ ఆయన చెప్పాడు. చిత్రమేమిటంటే, కాసేపటి క్రితం ఆయనా రెండేళ్ళ లెక్కే వేశాడు. విషయం తన తలలోనే ఉంది, తన అంచనాకు మాత్రం వాడుకోలేదు. అంతా విని కూడా బృందం పని ఆపలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు గానీ పుస్తకం పూర్తికాలేదు.

కాబట్టి అంచనా వేసేముందు, "నాలాంటి వంద మందికి ఏం జరిగింది?" అని రాసుకోండి. కొన్నిటికి జవాబు బహిరంగంగానే దొరుకుతుంది. షేర్ మార్కెట్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ముందుముందు ధర ఎటు పోతుందన్నదాని మీద చేసుకునే ఒప్పందాలు) చేసిన వ్యక్తుల్లో 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్కలు చెప్పింది. అలా పోగొట్టుకున్నది సగటున మనిషికి సుమారు 2 లక్షలు. యాప్ తెరిచే ముందు ఆ వాక్యం మీ పేజీలో మొదటి లైనుగా ఉండాలి. దాని కిందే, మిగతా 7 మందిలో నేనుంటానని నమ్మడానికి నా దగ్గరున్న కారణం ఏమిటో రాయండి. రాయడానికి ఏమీ తోచకపోతే జవాబు దొరికినట్టే.

పాఠాన్ని వాడుకోగలిగేలా రాయడం

"ఇకమీదట జాగ్రత్తగా ఉండాలి" అని రాస్తే కొట్టేయండి. అవసరమైన క్షణంలో అది గుర్తుకు రాదు. ఏం కనిపించినప్పుడు ఏం చేయాలో రాయండి. "ఇవాళే చెప్పాలి, రేపు ఉండదు అని ఎవరైనా అంటే ఆ రోజు డబ్బు ఇవ్వను." "మేస్త్రి గడువు చెప్తే, మా ఇంట్లో జరిగిన గత పనులకు ఎంత ఆలస్యమైందో అంత కలిపి గృహప్రవేశం ముహూర్తం అడుగుతాను." "చేబదులు అడిగినప్పుడు మొహమాటం అనిపిస్తే, ఇంట్లో మాట్లాడి రేపు చెప్తానంటాను." ఇలాంటి వాక్యాల్లో ఎదుటివాళ్ళ మాటో, మన ఒంట్లో కలిగే భావమో ఒక గుర్తుగా ఉంటుంది. ఆ గుర్తు కనబడగానే నియమం దానంతట అదే గుర్తొస్తుంది.

రోజువారీ సాధన

నిర్ణయాలు తక్కువ, అంచనాలు ఎక్కువ. రోజుకొకటి చిన్నది రాయండి: ఇవాళ బస్సు 9.20 లోపు వస్తుంది, 75. క్లయింటు శుక్రవారంలోగా జవాబిస్తాడు, 60. రెండు మూడు నెలలకు 75 వేసినవన్నీ ఒకచోట చేర్చి చూడండి. నాలుగింట మూడు నిజమైతే మీ 75కు విలువ ఉన్నట్టు. సగమే నిజమైతే మీరు అతిగా నమ్ముతున్నారు. ఏ రంగంలో అన్నది కూడా చూడండి. వృత్తి విషయాల్లో కచ్చితంగా ఉండి, సొంత పిల్లల విషయంలో బాగా తప్పేవాళ్ళుంటారు.

మార్కులు వేసుకోవాలంటే గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1950లో చెప్పిన లెక్క ఉంది. సులువుగా ఇలా: జరిగితే 1, జరగకపోతే 0. అందులోంచి మీ అంచనా (80 శాతమైతే 0.8) తీసేసి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి. 80 శాతం అన్నది జరిగితే 0.2ను 0.2తో గుణిస్తే 0.04. జరగకపోతే 0.8ను 0.8తో గుణిస్తే 0.64. ఎంత తక్కువైతే అంత మంచిది. ప్రతిదానికీ 50 వేసి కూర్చున్నవాళ్ళకు సగటు 0.25 వస్తుంది. మీ సగటు దానికంటే ఎక్కువగా ఉంటే, మీకున్న నమ్మకం మిమ్మల్ని నష్టపరుస్తోందన్నమాట. వాన అంచనాలు చెప్పేవాళ్ళు ఈ విషయంలో బాగా రాటుదేలారు. ఇవాళ చెప్పినది తప్పో ఒప్పో రేపటికే వాళ్ళకు తెలుస్తుంది. మనకు అలాంటి రేపు ఎవరూ ఏర్పాటు చేయరు, మనమే చేసుకోవాలి.

పక్కవాళ్ళను అడిగే తీరు

"ఇది మంచి పనేనా బాబాయ్?" అని అడిగితే, మనకు ఇష్టమని కనిపెట్టి "మంచిదేరా, కానివ్వు" అంటారు. కాదంటే మనసు నొచ్చుకుంటామని వాళ్ళ భయం. అడిగే తీరు మార్చండి: "బాబాయ్, ఈ పని రెండేళ్ళకు పూర్తిగా దెబ్బతిందనుకో. ఎందుకు దెబ్బతిని ఉంటుంది?" ఇప్పుడు కాదనాల్సిన అవసరం ఆయనకు లేదు, కారణాలు వెతకడమే పని. పెద్దలు చూసినవన్నీ బయటికొస్తాయి. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో కంపెనీలకు ఇదే పద్ధతి సూచించాడు: ప్రాజెక్టు మొదలుకాకముందే అది విఫలమైందనుకుని, కారణాలను ఎవరికి వారు విడిగా రాయడం. ఇంట్లోనూ విడివిడిగానే అడగండి. అందరినీ ఒకచోట కూర్చోబెడితే పెద్దాయన మొదట అన్న మాటకే మిగతావాళ్ళు తలూపుతారు.

మీ భార్యో భర్తో కూడా తమ అంచనా రాసి మడిచిపెడితే ఇంకా మంచిది. "నేను అప్పుడే వద్దన్నాను" అనే గొడవ సగం తగ్గుతుంది, ఎవరేమన్నారో కాగితమే చెప్తుంది. కానీ దాన్ని ఎదుటివాళ్ళను ఓడించడానికి తీస్తే, మరుసటిసారి వాళ్ళు మనసులో మాట రాయరు. ఎవరి పేజీ వాళ్ళే తెరవాలి.

నష్టం తగిలిన రోజున ఈ పని పెట్టుకోవద్దు. ఆ రోజు ఏం జరిగిందో మాత్రం రాసి మూసేయండి. వారం పది రోజులాగి, బాగా నిద్రపోయి లేచిన ఉదయాన పేజీ తీయండి. నియమాల జాబితా ఒక పేజీ దాటకుండా చూసుకోండి. కొత్తది రాయాలంటే పాతదొకటి తీసేయాలి. నియమం కూడా ఒక అంచనాయే, అదీ తప్పు కావచ్చు. అందుకని దాని పక్కనా తేదీ వేయండి. ఏడాదికోసారి జాబితా తీసి, ఇది ఈ సంవత్సరం నన్ను దేన్నుంచి ఆపింది, ఆపినప్పుడు ఆపడం మంచిదైందా అని ప్రతిదానికీ రెండు మాటలు రాయండి. ఒక్కసారి కూడా వాడనిదాన్ని కొట్టేయండి.